గొంతెరిగిన మైకు

అద్దంలో మన ముఖం మనం చూచుకొనడం పసినాటి నుండి అలవాటైన పని. కాని మన గొంతును ఇతరులు విన్నట్లుగా మనమే వినగలగడం నిన్న మొన్నటి ముచ్చట. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫు యంత్రాన్ని నిర్మించే వరకు ఎంతటి గాయకుడైనా తన పాటను బయటి నుండి విని యెరుగడు. అందుచేతనే కాబోలు, మొదటిసారి తన గొంతును యంత్రంలో విన్న ప్రతివాడూ “ఇది నాది కాదు” అంటాడు. దానికి కారణం లేకపోలేదు. మనం పాడేటప్పుడు మన ధ్వని గాలి ద్వారానే గాక తలలోని ఎముకల ద్వారా కూడ మన చెవిని చేరుతుంది. ఎముక మోసుకొని వచ్చే ధ్వనిలో మంద్రభాగం హెచ్చు. యంత్రం వినేది గాలి మోసిన ధ్వనిని మాత్రమే. కనుక మన గొంతు మనకే పలుచబడినట్లు తోస్తుంది. ఇది యంత్రదోషం కాదు. వినగా వినగా అలవాటు కావలసినదే.

అయితే ఆ మాట అన్నవారు ఒక్కొక్కప్పుడు నిజమే చెబుతారు. ఆ సంగతి గ్రహించడానికి నేను ఒక మంచి గొంతును పోగొట్టుకొనవలసి వచ్చింది.

పెనుకొండలో విశ్రాంత ఉపాధ్యాయులొకరు ఉండేవారు. వయసులో ఉన్నప్పుడు చుట్టుప్రక్కల పల్లెల్లో పౌరాణిక నాటకాలలో శ్రీకృష్ణ పాత్ర ధరించినవారు. మైకు లేని పందిట్లో, చివరి వరుసలో కంబళి కప్పుకొని కూర్చున్న గొర్రెలకాపరికి కూడ పద్యంలోని ప్రతి అక్షరం అందేటట్లు పాడిన గొంతు అది. ఎనభై యేళ్ళు దగ్గరపడినా శ్రుతి జారలేదు. ఆ పద్యాలను ధ్వనిముద్రణ చేసి మా విద్యార్థులకు వినిపించాలని నాకు కోరిక కలిగింది. బెంగుళూరులోని ఒక మిత్రుని వద్ద నుండి చాల ఖరీదైన కండెన్సర్ మైకు ఎరవు తెచ్చినాను. వెల హెచ్చినకొలదీ గుణం హెచ్చునని నా నమ్మకం. ఆయన ఇంటి ముందుగదిలో, బండలు పరచిన నేల, నున్నని సున్నపు గోడలు, రెండు కుర్చీలు తప్ప మరేమీ లేనిచోట, మైకును ఆయన నోటికి జానెడు దూరంలో నిలిపినాను. రెండు మాటలు మాట్లాడించి యంత్రం స్థాయి కుదిర్చినాను. తరువాత పద్యం ఎత్తుకొమ్మన్నాను.

పాడిన దానిని అందరం కూర్చుని విన్నాము. గొంతు పైకి లేచినచోటల్లా అక్షరాలు పగిలినవి. రాగం తీసినచోట గదిలోని మ్రోత పద్యాన్ని మ్రింగివేసింది. ఆయన చిరునవ్వుతో, “నాయనా, ఇది నా గొంతు కాదు. ఎవరో బావిలో నిలబడి కేకలు వేస్తున్నట్లున్నది” అన్నారు. అందరూ మొదట అనే మాటే కదా అని తేలికగా తీసికొన్నాను. కాని వంటయింటి గడపలో నిలిచి విన్న వారి ఇల్లాలు, “ఎవరిది ఈ పద్యం?” అని అడిగింది.

ఆమె యాభై యేళ్ళకు పైగా విన్నది గాలి మోసిన గొంతునే. ఆమె గుర్తించలేదంటే తప్పు ఎముకలది కాదు. నా మైకుది, ఆ గదిది, అన్నిటికన్న మించి నాది. ఉగాది వెళ్ళిన తరువాత మరల ముద్రించుకొందామనుకొన్నాము. ఉగాది రాకముందే ఆయన గతించినారు. ఇప్పుడు నా వద్ద మిగిలినది ఆ బావిలోని గొంతు ఒక్కటే.

ఈనాడు ప్రతి ఇంట ధ్వనిముద్రణ సాధనం ఉన్నది. ప్రతి పాఠశాలలో పాడే పిల్లలున్నారు. ప్రతి ఊరిలో పాడి పాడి అలసిన పెద్దలున్నారు. కనుక నేను ఆలస్యంగా నేర్చుకొన్న పాఠాన్ని ఉపాధ్యాయ సోదరులతోను, విద్యార్థులతోను పంచుకొనడం ఉచితమని తోచింది.

పందిరి గొంతు, మైకు గొంతు

ముందుగా గుర్తించవలసినది ఒకటి ఉన్నది. మన పద్యగానం మైకు కోసం పుట్టినది కాదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలుమార్గం మీద ఉన్న ఊళ్ళు. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. ఆంధ్ర నాటక పితామహుడని పేరుపొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు 1853లో ఆ ధర్మవరంలోనే జన్మించినారు. బళ్ళారిలో న్యాయవాదిగా ఉంటూ, సరస వినోదినీ సభ పక్షాన నాటకాలు వ్రాసి ఆడించినారు. చిత్రనళీయం, విషాద సారంగధర మొదలైన వారి కృతులతో తెలుగు రంగస్థలం మీద పద్యానికి, పాటకు పెద్దపీట లభించింది. వారు 1912లో పరమపదించినారు. అప్పటికి నాటకశాలలో మైకు లేదు. నటుని ఊపిరే నాటకానికి మైకు.

ఆ కాలంలో రికార్డు కంపెనీలలో కూడ మైకు లేదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు ముద్రించినప్పుడు ఆమె పాడినది ఒక పెద్ద బూర ముందు. ఆ బూర చివరనున్న పొర కంపించి, సూదిని కదిలించి, మైనం మీద గీత గీసేది. విద్యుత్తు ప్రసక్తే లేదు. గట్టిగా పాడిన గొంతు నిలిచేది. మెల్లగా పాడినది గాలిలో కలిసిపోయేది. శ, స వంటి సన్నని ధ్వనులు ఆ గీతలో చాలవరకు పడనే లేదు. 1916లో అమెరికాలో వెంటె అనే శాస్త్రజ్ఞుడు కండెన్సర్ మైకును నిర్మించినాడు. 1925లో మైకుతో విద్యుత్ ముద్రణ రికార్డులు వెలువడినవి. ఆనాటి నుండి గానకళకు రెండు దారులు ఏర్పడినవి. పదిమందికి వినిపించేటట్లు పాడడం ఒకటి. ఒక్కరి చెవిలో చెప్పినట్లు పాడడం మరొకటి.

1938లో మదరాసు ఆకాశవాణి కేంద్రం, 1948లో విజయవాడ కేంద్రం వెలసిన పిదప, ఈ రెండవ దారి మనకు లలిత సంగీతమై వికసించింది. రావు బాలసరస్వతీదేవిగారి వంటి మృదువైన గొంతు పందిట్లో చివరి వరుసను చేరడం కష్టమే. మైకు ముందు అది ప్రతి ఇంటి నడిమి గదిలోకి వచ్చింది. కరుణశ్రీ పుష్పవిలాపాన్ని ఘంటసాలవారు పాడిన తీరు విన్నవారికి నేను చెప్పదలచినది వెంటనే తెలుస్తుంది. అందులో దీర్ఘాలాపన లేదు, అరుపు లేదు. పద్యం తగ్గుస్వరంలో పలికి, మాట మాటకూ గుండెను తాకుతుంది. అది మైకును ఎరిగిన గొంతు. పెనుకొండ ఉపాధ్యాయులవారిది పందిరిని ఎరిగిన గొంతు. రెండూ గొప్పవే. కాని రెండింటికీ ఒకే మైకు, ఒకే దూరం, ఒకే గది చాలునని అనుకొనడం అవివేకం. ఆ అవివేకమే నేను చేసినది.

మైకులలో జాతులు

మైకు చేసే పని ఒక్కటే: గాలి కదలికను విద్యుత్తు కదలికగా మార్చడం. ఆ మార్చే విధానాన్ని బట్టి జాతులు ఏర్పడినవి. ఇంటి పనికి తెలియవలసినవి మూడు.

మొదటిది డైనమిక్ మైకు. దీనిలో పలుచని పొర వెనుక సన్నని తీగచుట్ట అతికి ఉంటుంది, చుట్టూ అయస్కాంతం. ధ్వనికి పొర ఊగితే చుట్ట ఊగుతుంది. అయస్కాంత క్షేత్రంలో చుట్ట ఊగితే విద్యుత్తు పుడుతుంది. చుట్టకు బరువు ఉన్నది కనుక అతిసన్నని, అతివేగమైన కంపనలకు ఇది కొంత మందంగా స్పందిస్తుంది. గట్టి గొంతుకు జంకదు. దూరపు చప్పుళ్ళను అంతగా పట్టించుకోదు. సభలలోను, పాటకచేరీలలోను గుండ్రని తలతో కనిపించే మైకు చాలవరకు ఈ జాతిదే. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న షూర్ సంస్థ వారి ఎస్.ఎం. 58 మైకు 1966లో వెలువడింది. ఇన్నేళ్ళయినా అది నిలిచి ఉన్నదంటే కారణం మొండితనమే.

రెండవది కండెన్సర్ మైకు. ఇందులో తీగచుట్ట లేదు. లోహపు పూతగల పొర ఒకటి, దాని వెనుక గట్టి పలక ఒకటి. వాటి నడుమ విద్యుదావేశం నిలిపి ఉంచుతారు. పొర కదిలి ఎడం మారితే విద్యుత్తు మారుతుంది. పొర మందం కొన్ని మైక్రానులే. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అంత తేలికైనది కనుక ఊపిరి తీసిన సవ్వడి కూడ పట్టుకొంటుంది. గోడగడియారం టిక్కుటిక్కులు, వీధిలో కుక్క అరుపు కూడ అంతే శ్రద్ధగా పట్టుకొంటుంది! దీనికి సాధారణంగా 48 వోల్టుల విద్యుత్తును ముద్రణయంత్రం నుండి అందించాలి. యు.ఎస్.బి. తీగతో నేరుగా కంప్యూటరుకు తగిలించే రకాలకు ఆ బెడద లేదు. 1962లో బెల్ ప్రయోగశాలలో సెస్లర్, వెస్ట్ అనే ఇరువురు శాస్త్రజ్ఞులు ఎలక్ట్రెట్ అనే రూపాన్ని కనిపెట్టినారు. పొరలోనే ఆవేశం శాశ్వతంగా నిలిచే ఈ రూపం వల్ల కండెన్సర్ మైకు చౌక అయింది, చిన్నదయింది. అంగీకి తగిలించుకొనే మైకులు ఎక్కువగా ఈ వంశంలోనివే.

మూడవది రిబ్బన్ మైకు. అయస్కాంతాల నడుమ వ్రేలాడే సన్నని అల్యూమినియం పట్టీయే దీనికి పొర, తీగ రెండూను. ఇది పదునైన గొంతును మెత్తబరుస్తుంది. కాని సుకుమారమైనది, గట్టిగా ఊదితే పట్టీ సాగిపోతుంది. వెలయు హెచ్చే. అందుచేత విద్యార్థులకు మొదటి రెండే చాలును.

జాతి ఒకటయితే దిక్కు మరొకటి. కొన్ని మైకులు అన్ని వైపులా సమానంగా వింటాయి. కొన్ని ముందు, వెనుకలు విని ప్రక్కలు వినవు. ఎక్కువ మైకులు ముందు బాగా విని, వెనుక చాల తక్కువ వింటాయి. వీటి వినికిడి పటం గీస్తే గుండె ఆకారం వస్తుంది కనుక కార్డియాయిడ్ అన్నారు. ఇంటిలో పాడేవారికి ఇదే మేలు. అయితే ఈ దిక్కు తెలిసిన మైకులకు ఒక గుణం ఉన్నది: నోటికి దగ్గరైనకొలదీ మంద్రధ్వనిని పెంచి వినిపిస్తాయి. పలుచని గొంతుకు ఇది నిండుతనమవుతుంది. అసలే బరువైన గొంతుకు బురద అవుతుంది.

వర్ణమాలయే పరీక్షాపత్రం

ఇక తెలుగు ఉపాధ్యాయునిగా నాకు ప్రియమైన విషయానికి వస్తాను. ఏ మైకు ఏ గొంతుకు తగునో చెప్పే గ్రంథం మన వద్ద ఎప్పుడో ఉన్నది. అది వర్ణమాల. అక్షరాలను ఉత్పత్తిస్థానాన్ని బట్టి, ప్రయత్నాన్ని బట్టి విభజించిన మన పూర్వులు మైకును ఎరుగకపోయినా, మైకు తడబడే చోట్లన్నీ వరుసగా గుర్తుపెట్టి పోయినారు.

ఓష్ఠ్యాలైన ప, ఫ, బ, భలు పలికేటప్పుడు పెదవులు మూసి ఒక్కసారిగా విడుస్తాము. గాలి గుప్పున వెలువడి మైకు పొరను కొడుతుంది. వినేవారికి అది డప్పు దెబ్బవలె వినిపిస్తుంది. మహాప్రాణమైన భ, ఫలలో ఈ దెబ్బ మరీ హెచ్చు. “భూభారం”, “ఫాలభాగం”, “పాపం” అని పలుకుతూ అరచేతిని నోటి ముందు ఉంచుకొంటే ఆ గాలి ఎంతో మీకే తెలుస్తుంది. దీనికి మందు సులభం. మైకును నోటికి తిన్నగా గాక కొంచెం ప్రక్కకు, పెదవుల మూలకు ఎదురుగా నిలపాలి. నడుమ ఒక వలయానికి పలుచని నైలాను గుడ్డ బిగించి అడ్డుపెట్టాలి. ధర్మవరం వారు పట్టు ముక్క అడ్డుపెడతామంటే మాత్రం వద్దంటాను. ఆ నేత అందం దాని దట్టంలో ఉన్నది; గాలితో పాటు అక్షరాల వన్నెను కూడ అది ఆపివేస్తుంది.

ఊష్మాలైన శ, ష, సలది వేరొక తీరు. ఇవి సెకండుకు కొన్నివేల కంపనలు గల సన్నని రాపిడి ధ్వనులు. మాట స్పష్టంగా వినిపించడానికి చాల మైకులలో ఆ ప్రాంతానికి కొంచెం ముందే ఒక మెరుగు పెట్టి ఉంటారు. మసక గొంతుకు ఆ మెరుగు వరం. పండ్ల సందున స అసలే ఈలవేసే గొంతుకు అది శాపం. తెలుగులో ఈ చిక్కు మరొకచోట కూడ ఉన్నది. “చలి”, “చుక్క”, “జత” అన్నప్పటి దంత్యమైన చ, జలలో కూడ ఈ రాపిడి ఉన్నది. “చిలుక”, “జీతం” అన్నప్పటి తాలవ్యాలలో అంత పదును లేదు. “శశి, శేషుడు, సస్యం, చలి, చుక్క” అని పలికించి విన్నప్పుడు చెవిలో సూది గ్రుచ్చినట్లుంటే ఆ మైకు ఆ గొంతుకు తగదు.

అచ్చులు కూడ సాక్ష్యమిస్తాయి. ఆ అన్నప్పుడు నోరు తెరుచుకొని గొంతు నిండుగా వస్తుంది. ఈ అన్నప్పుడు సన్నబడి రెండువేల కంపనలకు పైనున్న భాగం మెరుస్తుంది. హెచ్చు శ్రుతిలో ఈకారం మీద రాగం నిలిపితే, కీచుగొంతు ఏదో, చక్కని గొంతు ఏదో మైకు దాచకుండా చెప్పివేస్తుంది. మ, న, ణలలో ముక్కు పలుకు ఎంత ఉన్నదో కూడ అది చూపుతుంది.

ఇంకొక విశేషం. మనది అజంత భాష. తెలుగు పలుకు చాలవరకు అచ్చుతో ముగుస్తుంది. ఆ చివరి అచ్చును పద్యగాయకుడు సాగదీస్తాడు. మ్రోగే గదిలో ఆ అచ్చు తోక తెగక తరువాతి మాట తొలి హల్లు మీద పడుతుంది. అక్కడే కదా మన యతిప్రాసల సొగసు ఉన్నది! పెనుకొండ గదిలో పద్యాన్ని మ్రింగినది ఈ అచ్చుల తోకలే.

గొంతుకు తగిన జోడు

ఇంతవరకు చెప్పినదానిని బట్టి కొన్ని జోడింపులు చేసికొనవచ్చును.

కంచుగొంతు, నాటకపు గొంతు అయితే డైనమిక్ మైకు, జానెడు దూరం. కండెన్సరే ఉన్నదా, మూరెడు దూరం నిలిపి, గదిని మెత్తబరచాలి. మృదువైన గొంతు, లలితగీతాల గొంతు అయితే కండెన్సర్ మైకు, బెత్తెడు నుండి జానెడు లోపల. సన్నగా పదునెక్కే గొంతు అయితే మెరుగు తక్కువైన మైకు. దానిని కూడ నోటికి తిన్నగా గాక గడ్డం వైపో, ప్రక్కకో వంచి ఉంచాలి. బొంగురు గొంతు, మంద్రపు గొంతు అయితే దగ్గరకు పోరాదు. కొంచెం ఎడంగా నిలిచి, మెరుగు ఉన్న మైకును ఎంచుకొనాలి. పిల్లల గొంతులకు బలం తక్కువ, కదలిక ఎక్కువ; వారికి కండెన్సర్ మైకు, నిలకడగా కూర్చునే ఆసనం రెండూ అవసరమే.

బెత్తెడు, జానెడు, మూరెడు అనే పాత కొలతలను నేను కావాలనే వాడుతున్నాను. పాడేవాడు టేపు పట్టుకొని కూర్చోలేడు. చేయి ఎప్పుడూ వెంటనే ఉంటుంది. బెత్తెడు సుమారు మూడంగుళాలు, జాన తొమ్మిది, మూర పద్దెనిమిది. దూరం రెట్టింపైతే నేరుగా మైకును చేరే గొంతు ఆరు డెసిబెళ్ళు తగ్గుతుంది. గదిలోని మ్రోత మాత్రం ఇంచుమించు అంతే ఉంటుంది. దూరం జరిగినకొలదీ గొంతు పాలు తగ్గి గది పాలు పెరుగుతుందన్నమాట. కనుక గది మంచిదైతేనే దూరం నిలవాలి.

స్థాయి కుదర్చడంలో నేను చేసిన పొరపాటు కూడ చెప్పాలి. పెనుకొండలో అక్షరాలు పగలడానికి కారణం మైకు కాదు. మాట్లాడే గొంతుకు స్థాయి కుదిర్చి, పాడే గొంతును ముద్రించినాను. మాటకు, పద్యపు తారస్థాయికి నడుమ ఎంత దూరమో తెలుగు చదివిన నేను మరచినాను. పద్యంలో అన్నిటికన్న ఎత్తైన చోటును ముందుగా పాడించి, యంత్రంలోని ముల్లు చివరి గీతకు పది డెసిబెళ్ళు క్రిందనే నిలిచేటట్లు కుదుర్చుకొనాలి. తక్కువ స్థాయిలో ముద్రించిన దానిని తరువాత పెంచుకొనవచ్చును. పగిలిన అక్షరాన్ని అతికేవాడు లేడు.

చేతిలోని ఫోనుతో ముద్రించుకొనేవారికి ఒక హెచ్చరిక. ఫోను ప్రధానంగా సంభాషణ కోసం తయారైనది. మాట కానిదంతా గోల అని భావించి, ఎడతెగక మ్రోగే ధ్వనిని తొలగించే ఏర్పాటు చాల ఫోనులలో ఉన్నది. తంబుర నాదాన్ని, శ్రుతిపెట్టెను అది ఫంకా చప్పుడుగా ఎంచి చెరిపివేస్తుంది. శ్రుతి లేని పద్యం మిగులుతుంది. ఆ ఏర్పాటును ఆపివేసి, ధ్వనిని కుదించని వేవ్ రూపంలో దాచుకొనడం మంచిది.

మూడు ఊళ్ళు, మూడు గదులు

పెనుకొండ అనుభవం తరువాత నేను మైకును కన్నా గదిని ఎక్కువ చూడడం నేర్చుకొన్నాను.

ధర్మవరంలో ఒక నేతగాడు పండరి భజన కీర్తనలు చక్కగా పాడతాడు. నడిమింట మగ్గం, ప్రక్క వీధిలో మరమగ్గాల హోరు. అక్కడ కండెన్సర్ తెచ్చి ఉంటే కీర్తన కంటే మగ్గమే బాగా ముద్రితమయ్యేది. పాత డైనమిక్ మైకును బెత్తెడు దూరంలో నిలిపి, దాని వెనుక భాగాన్ని వీధివైపు త్రిప్పినాను. చీరలు దొంతరలుగా పేర్చిన చిన్నగదిలో ఆయనను కూర్చుండబెట్టినాను. ఆ గదిలో చప్పట్లు కొట్టి చూస్తే మ్రోత లేదు. దొంతరల నడుమ మెత్తని గాలి తప్ప మరేమీ లేదు. ఎంత డబ్బు పోసి కట్టించిన స్టూడియోలోనైనా చేసే పని ఇదే: ధ్వనిని మ్రింగే మెత్తని వస్తువులను గోడలకు అమర్చడం. కీర్తన శుభ్రంగా వచ్చింది. “సార్, మా మగ్గం ఏమైపోయింది?” అని ఆయన నవ్వినాడు.

హిందూపురంలో ఒక విద్యార్థిని లలితగీతాలు పాడుతుంది. ప్రక్కనున్న వారికి మాత్రమే వినిపించే గొంతు. కచేరీలవారి డైనమిక్ మైకు ఎరవు తెచ్చుకొని పాడింది. గొంతు అందక స్థాయి పెంచితే బుసబుసమనే సవ్వడి లేచింది. తన గొంతే మంచిది కాదనుకొని పాడడం మానివేసింది. ఆ మాట నాకు చాల బాధ కలిగించింది. ఒక పెద్ద మనిషి గొంతును నేను చెడగొట్టినట్లే, ఒక చిన్నపిల్ల గొంతును ఒక పనిముట్టు అవమానించింది. చౌకపాటి కండెన్సర్ మైకు ఒకటి దొరికింది. మూడుప్రక్కల బొంతలు వ్రేలాడదీసి, తెరచిన బట్టల బీరువాకు ఎదురుగా మైకును, మైకుకు ఎదురుగా ఆ పిల్లను నిలిపి, రాత్రి రైలు వెళ్ళిన తరువాత ముద్రించినాము. గొంతు మారలేదు, వినే చెవి మారింది. ఇప్పుడామె పాడుతున్నది.

ఎంచుకొనే తీరు ఇంతే. దుకాణంలో చూచి కొనవద్దు. వీలైతే రెండు మూడు మైకులు ఎరవు తెచ్చుకొండి. మీరు పాడే గదిలోనే, ఒకే దూరంలో, ఒకే పద్యాన్ని అన్నింటిలోను పాడండి. ఒక వచనభాగం కూడ చదవండి. వినేటప్పుడు అన్నింటి గట్టితనం సమానంగా ఉండేటట్లు చూచుకొండి, ఎందుకంటే గట్టిగా వినిపించినదే మంచిదని చెవి మోసపోతుంది. తరువాత మీరు తీర్పు చెప్పవద్దు. మీ గొంతును రోజూ వినే అమ్మనో, అక్కనో, స్నేహితునో ప్రక్కగదిలో కూర్చుండబెట్టి, పేర్లు చెప్పకుండా వినిపించండి. “ఇది నీవే” అని వారు దేనిని చూపుతారో అదే మీ మైకు. నేను దీనికి ఇల్లాలి పరీక్ష అని పేరు పెట్టుకొన్నాను.

హిందూపురానికి దగ్గరలోనే లేపాక్షి ఉన్నది. పదహారవ శతాబ్దపు శిల్పులు నాట్యమంటపం స్తంభాల మీద వాద్యకారులను మలచినారు. వేళ్ళ వంపు, మెడ విరుపు ఈనాటికీ చెక్కుచెదరలేదు. వారు వాయించినదేమిటో మాత్రం రాయి చెప్పలేదు. రూపాన్ని దాచే విద్య మనకు ఎన్నడో వచ్చింది. నాదాన్ని దాచే విద్య ఈమధ్యనే వచ్చింది. వచ్చిన తరువాత కూడ పోగొట్టుకొంటే ఆ తప్పు శిల్పులది కాదు.

క్రిందటి వేసవిలో మరల పెనుకొండ వెళ్ళినాను. ఉపాధ్యాయులవారి ఇల్లాలు, “మీరు ఆయన పద్యాలే అడిగినారు గాని, నా పాట ఎన్నడూ అడగలేదే” అన్నది. నిజమే. ఆమె పాడుతుందని కూడ నాకు తోచలేదు. లోపలి గదిలో, పరుపుల ప్రక్కన, చిన్న కండెన్సర్ మైకును జానెడు దూరంలో నిలిపినాను. తన తల్లి వద్ద నేర్చిన ఒక ఉయ్యాలపాటను సన్నని గొంతుతో పాడింది. ముద్రణను వినిపిస్తున్నాను. వాకిట్లో ఆడుకొంటున్న మనుమరాలు ఆట మాని, “అవ్వా, నన్నేనా పిలిచేది?” అంటూ లోపలికి పరుగెత్తుకొని వచ్చింది. అవ్వ నోరు మూసుకొని కూర్చున్నది. పాట యంత్రంలో సాగుతున్నది. పిల్ల అవ్వ వంక, యంత్రం వంక మార్చి మార్చి చూచింది.

ఆ పరీక్షకు మించిన పరీక్ష నాకు తెలియదు. మీ ఇంటిలో కూడ అటువంటి గొంతు ఒకటి ఉండి ఉంటుంది. ఈ ఉగాది వరకు ఆగవద్దు.